ఆంధ్రచరిత్రమున నొక వారము: జనవరి 22 – 28

ప్రతివారమును ఆ వారమున పూర్వము జరిగిన చరిత్రఘట్టములను నల్లబల్లపై వ్రాసి విద్యార్థులచే చదివించు నాచారము మన పాఠశాలలలో కొన్నిట గలదు. ఆచారము మంచిది. కాని యందలి తేదీ లెక్కడనుండి తెచ్చినవో, ఏ పంచాంగము ననుసరించినవో విచారించువారు తక్కువ. పంచాంగము నెఱిగిన మన పండితులే యింగ్లీషు తేదీల విషయమున నుదాసీనులగుట వింతగా నున్నది. జనవరి నాల్గవ వారమును తీసికొని యీ విచారమును చేయదలచితిని. ఆంధ్రదేశచరిత్రమున నింత బరువైన వారము మఱియొకటి దొరకుట కష్టము. విజయనగర సామ్రాజ్యమును కూల్చిన రాక్షసితంగడి యుద్ధము (1565), బొబ్బిలి యుద్ధము (1757), దక్షిణాపథమున ఫ్రెంచివారి యాశలను తుంచిన వందవాసి యుద్ధము (1760), మూడును వాడుకలో నున్న పట్టికలనుబట్టి జనవరి 22, 23, 24 తేదీలందు పడుచున్నవి.

ఈ మూడు యుద్ధములును శీతకాలముననే జరుగుట కాకతాళీయము గాదు. వానలు వెనుకబడి యేళ్లు రేవులకు దిగుటయు, పంట కల్లములకు చేరుటయు, బండ్లబాటలు గట్టిపడుటయు నీ కాలముననే. దండు నడుపువానికి కావలసినవి మూడు: దాటుటకు రేవు, తినుటకు ధాన్యము, ఫిరంగి లాగుటకు బాట. పన్నులు రాబట్టువానికిని నిదియే యదను. కనుక పుష్యమాఘములు మన దేశమున దండయాత్రలకు ముహూర్తములైనవి.

మొదట రాక్షసితంగడి సంగతి. ఈ యుద్ధమునకు తళ్లికోట యుద్ధమను పేరు పాఠ్యపుస్తకములలో స్థిరపడినది. తళ్లికోట కృష్ణకు ఉత్తరమున డోణీనదిపై నున్నది. అచ్చట సుల్తానుల సైన్యములు కూడుకొనినవేకాని పోరు జరుగలేదు. రక్కసిగి, తంగడిగి యను గ్రామములు కృష్ణయొడ్డున నున్నవి. ఆ రెండింటి పేర యుద్ధమును పిలుచుట స్థలమునకు దగ్గఱగా నుండును. సుల్తానులు మూడు దినములు నదివెంబడి నడచి వేఱొకచోట దాటుదురన్న భ్రాంతిని కల్పించి, రామరాయల సేన రేవును విడిచి తమ కెదురుగా కదలినంతనే రాత్రికి రాత్రి వెనుదిరిగి యింగళిగి రేవున దాటిరని ఫెరిస్తా వ్రాసెను. యుద్ధమునకు ముందే యీ రేవుచెంత రామరాయలు సగము పోగొట్టుకొనెనని నా తలంపు.

తేదీకి ఆధారము ఫెరిస్తాయే. అతడు హిజరీ 972 జమాదివుస్సాని 20 అని చెప్పెను. దీనిని మార్చినచో 1565 జనవరి 23, మంగళవారమగును. కొందఱు జనవరి 26 అని వ్రాయుచున్నారు. అంతకంటె ముఖ్యమైన సంగతి వేఱొకటి కలదు. ఈ జనవరి 23 పాత పద్ధతి తేదీ. 1582 లో గ్రెగొరీ పోపు ఐరోపా పంచాంగమును దిద్ది పదిదినములు తీసివేసెను. ఇప్పుడు మన గోడలపై నున్న పంచాంగము ఆ దిద్దినది. దానిని వెనుకకు నడిపించినచో రాక్షసితంగడి దినము 1565 ఫిబ్రవరి 2 అగును. బొబ్బిలి యుద్ధమునాటికి, అనగా 1757 నాటికి, ఫ్రెంచివారేకాక ఇంగ్లీషువారును క్రొత్తపద్ధతినే యవలంబించి యుండిరి (ఇంగ్లీషువారు 1752 లో మార్చుకొనిరి). కావున 1565 నాటి జనవరి 23 యును, 1757 నాటి జనవరి 24 యును ప్రక్కప్రక్క దినములని పిల్లలకు చెప్పుట యంకెలలో నిజమే కాని కాలగణనమున నిజము గాదు. వానికి నడుమ తొమ్మిది దినముల యెడమున్నది.

మన లెక్కలో నేమగునో చూతము. రక్తాక్షి సంవత్సరము, శాలివాహనశకము 1486. అమావాస్య జనవరి 2 ప్రాంతమున (పాతలెక్క) వచ్చుటచేతను, మకరసంక్రమణము అంతకు కొలది దినముల ముందే జరిగియుండుటచేతను, ఆ మాసము మాఘము. యుద్ధము కృష్ణపక్షమున జరిగినది. ఇట్లే బొబ్బిలి యుద్ధమును కట్టి చూడగా శకము 1678, ధాతృ సంవత్సరము, అదియును మాఘమే, కాని శుక్లపక్షము. రెండును నొకే చాంద్రమాసమున చేరినవి. ఇంగ్లీషు పట్టికలో నొక దినము దూరమున నున్నట్లు కనబడునవి మన పంచాంగమున పక్షభేదము నొందుచున్నవి. వారమను మాట విడిచి మాఘమని చెప్పిన యెడల దోషము లేదు.

రాక్షసితంగడిలో జరిగినదానిని విస్తరింపను, పండితులకు తెలిసినదే. వృద్ధుడైన అళియ రామరాయలు పట్టువడుటయు, అహమ్మదునగరపు హుసేను నిజాంషా యతని శిరస్సును ఖండింపించుటయు, శిరస్సు చూచి సేన చెదరుటయు, తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను ధనమును తీసికొని పెనుగొండ చేరుటయు నందఱును వ్రాసినవే. సైన్యసంఖ్యలను లక్షలలో చెప్పు గ్రంథములను నమ్మనక్కఱలేదు. కాని రెండు సంగతులు మన సాహిత్యపరిశోధకులకు ముఖ్యములు.

ఒకటి, ఆ నాడు రామరాయల కెదురుగా నిలిచినవారిలో గోలకొండ ఇబ్రహీం కుతుబుషా యుండెను. ఇతడు అన్నకు వెఱచి 1543 మొదలు 1550 వఱకు ఏడేండ్లు విజయనగరమున రామరాయల యాశ్రయముననే గడపినవాడు. అక్కడనే తెలుగు రుచి మరిగెనని చెప్పవలయును. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును కృతినందినవాడితడే. ఇతని యుద్యోగి యమీనుఖానునకు పొన్నిగంటి తెలగన్న యచ్చతెలుగు యయాతిచరిత్రము నంకితమిచ్చెను. రామరాయల యింట నన్నము దిన్నవాడు రామరాయలపై కత్తి దూసెను, రామరాయల కొలువున వినిన కవిత్వమును గోలకొండలో పోషించెను. ఒకే మనుష్యుని యందు రెండును నుండుట యిప్పటివారికి మ్రింగుడుపడదు. అందుచేత కొందఱు మొదటిదానిని మఱచి మల్కిభరాముని పొగడుదురు, మఱికొందఱు రెండవదానిని దాచి తిట్టుదురు. ఆధారములు రెండింటిని చెప్పుచున్నవి.

రెండవది, సామ్రాజ్యము ఒక్క మధ్యాహ్నమున సమసిపోయెనను మాట. 1900 లో సీవెల్ దొర తన గ్రంథమునకు మఱవబడిన సామ్రాజ్యమని పేరిడినది మొదలు మన పుస్తకములలో 1565 తరువాత నొక గీత గీయుట యలవాటైనది. యుద్ధమైన రెండేండ్లకు, 1567 లో, సీజర్ ఫ్రెడరికను వెనీసు వర్తకుడు విజయనగరమునకు వచ్చి యేడునెలలు నిలిచెను. ఇండ్లు నిలిచియున్నవనియు, అవి శూన్యములై మృగములకు నెలవులైనవనియు, తిరుమలరాయలు నగరమును మరల నిండింప యత్నించెననియు నతడు వ్రాసెను. రామరాయల సేనలోని యిరువురు మహమ్మదీయ సేనానుల ద్రోహముచేత నోటమి గలిగెనన్నవాడును నతడే. నగరము పాడుపడినది నిజము. రాజ్యము పెనుగొండకు తరలినదియు నిజమే. అటుపిమ్మట చంద్రగిరి, వేలూరులలో శ్రీరంగరాయలవఱకు నది సాగినది. వసుచరిత్రమును రామరాజభూషణుడు తిరుమలరాయలకే యంకితమిచ్చెను. రాక్షసితంగడి తరువాతి పెనుగొండలో వసుచరిత్రము వెలసినదని విద్యార్థి యెఱిగెనేని సామ్రాజ్య మొక్కదినమున నంతరించెనను వాక్యమును తానే ప్రశ్నించును.

ఇక బొబ్బిలి. ఈ వారమున నిదియే నిజముగా మనది, మన నోట పాటయైనది. 1757 జనవరి 24, సోమవారము.

పూర్వకథను క్లుప్తముగా చెప్పెదను. 1753 లో సలాబతుజంగు తన్ను నిజాముపీఠమున నిలిపిన ఫ్రెంచివారికి సైన్యవ్యయము క్రింద ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను వదలెను. 1756 చివర బుస్సీ పన్నుల నిమిత్తమును, తిరుగబడిన ఫౌజుదారు ఇబ్రహీంఖాను నణచు నిమిత్తమును నుత్తరమునకు నడచెను. విజయనగరము పూసపాటి పెదవిజయరామరాజు తన బలములతో నతని కెదురేగి సాయపడెను. ఆ రాజునకు బొబ్బిలి వెలమప్రభువు గోపాలకృష్ణ రంగారాయనితో పొలిమేర తగవులును నీటి తగవులును తండ్రితాతలనాటివి. బొబ్బిలివారు వేంకటగిరి వెలమల శాఖ. వారి పూర్వుడు పెద్దరాయుడు శ్రీకాకుళపు ఫౌజుదారు షేర్ మహమ్మదుఖానుతో వచ్చి, షేరను మాటకు వ్యాఘ్రమని యర్థమగుటచే తన కోటకు పెబ్బులి యని పేరుపెట్టెననియు నదియే బొబ్బిలి యయ్యెననియు చెప్పుదురు.

బొబ్బిలిని విడిచి వేఱొకచోట నంతకంటె నధికమైన భూమిని తీసికొనుమని బుస్సీ రంగారాయనికి కబురంపెను. అతడు పరాభవమని నిరాకరించెను. అంతలో ఫ్రెంచి సిపాయిల దండొకటి బొబ్బిలి యడవులలో కొట్టువడినదను వార్త వచ్చెను. ఇది రంగారాయని పనియా, పన్నిన యుక్తియా యనునది నేటికిని తేలని తగవు. బుస్సీ దుబాసి హైదరుజంగు విజయరామరాజు లంచము దిని దొరచెవిలో విషము పోసెనని జంగముకథ చెప్పును. ఓర్మే యను నింగ్లీషు చరిత్రకారుడు విజయరామరాజు ప్రేరణను చెప్పును.

ఆధారములు మూడు విధములు. ఓర్మే చరిత్రము పరాయివాని వ్రాత. యుద్ధమైన యిరువది యేండ్లకు ముద్రితమైనది. అందు కాలక్రమము, సేనావిన్యాసము చక్కగా నుండును, కాని పేర్లు వంకరపోవును. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము ప్రబంధము. పేరు ప్రతిష్ఠల పట్టున నది మిక్కిలి జాగ్రత్త గలది. పెద్దాడ మల్లేశము పేర నున్న బొబ్బిలికథ జంగము పాట. బ్రౌను దొర దానిని సేకరించి కాపాడినందుకు మనము ఋణపడి యున్నాము. మూడింటిలో చరిత్రకు నమ్మదగిన దోర్మేయే యనుట పరిపాటి. నేను సంపూర్ణముగా నొప్పుకొనను. తెల్లవారుట మొదలు సాయంకాలమువఱకు కోట వెలుపల నేమి జరిగెనో యోర్మే చెప్పగలడు. కోటలోపల నేమి యనుకొనిరో, ఎవరికెవరు చుట్టమో, ఎవరికెవరిపై నెందుకు పగయో పాటయే చెప్పును. రంగారాయని భార్య మల్లమ్మదేవి తాండ్ర పాపారాయని చెల్లెలనిన చుట్టరికము లేక తరువాతి కథ యర్థమే కాదు.

కోట మట్టికోట, చుట్టును అడవి. వేకువనే నాలుగు బురుజులమీద నాలుగు తుకడీలు ఫిరంగులతో కలిసి పడినవి. గోడలలో సందులేర్పడినవి. నిచ్చెనలతో నెక్కబోయినవారిని లోపలివారు బల్లెములతో, తుపాకులతో పడగొట్టిరి. ఎంతకును లొంగలేదు. మధ్యాహ్నము దాటిన వెనుక రంగారాయడు ముఖ్యులను పిలిచి, కోట నిలువదని చెప్పి, స్త్రీలును పిల్లలును శత్రువుల చేతబడకుండ నుండుటకు దారి యొక్కటేయని నిర్ణయించెను. ఇండ్లకు నిప్పంటించిరి, వెలువడ యత్నించినవారిని తామే పొడిచిరి. ఆ పని చేసినవారు తిరిగి గోడలపైకి వచ్చి చచ్చువఱకు పోరాడిరి. రంగారాయడు తుపాకిగుండు తగిలి కూలెను. ఫ్రెంచివారు లోనికి పోవునప్పటికి జీవించియున్నవాడొక్కడు వారికి కనబడలేదు. అంతట నొక వృద్ధుడు పసివాని నెత్తికొని వచ్చి లా యను ఫ్రెంచి సేనాని చేతిలో పెట్టి, వీడు రంగారాయని కొడుకు, తండ్రి యాజ్ఞను మీఱి వీనిని దాచితినని చెప్పెను.

వీరమని పాడుకొనుట మనకు సులభమైనది. ఇండ్లలో కాలినవారు వీరమునకు సమ్మతించిరో లేదో చెప్పుటకు వారిలో నెవ్వరును మిగులలేదు. మన నాటకకర్తలు, వేదము వేంకటరాయశాస్త్రులవారు మొదలుగా, ఈ ఘట్టమును కరుణరసపూర్ణముగా నడపిరి. బడిలో చెప్పునప్పు డీ కరుణను విడిచి వీరమునే పట్టుట నాకు సమ్మతము గాదు.

దోష మెవ్వరిదనునది మఱియొకటి. విజయనగరము బొబ్బిలి సంస్థానముల యభిమానులు మొన్నమొన్నటివఱకు నీ విషయమై కలహించుచునే యుండిరి. పొలిమేర తగవు తీర్చుకొనుటకు పరదేశి ఫిరంగిని తెచ్చినవాడు విజయరామరాజే. ఇందు సందేహింప పని లేదు. కాని బుస్సీని నిర్దోషిని జేయు ఫ్రెంచివారి వ్రాతలును నిలువవు. కోటను చూచి యతడు కలగెనని యోర్మే వ్రాసెను. కలగినవాడే యా యుదయమున ఫిరంగులు నిలిపించినవాడు.

మూడవ రాత్రి, అనగా పాటకులు మఱి మఱి పాడు రాత్రి, యీ వారముననే వచ్చుచున్నది. విజయరామరాజు తన గుడారమున నిద్రించుచుండగా పగఱు దూరి పొడిచి చంపిరి. రంగారాయని భటులు నలుగురు శపథము చేసి వచ్చిరని యోర్మే. తాండ్ర పాపారాయడు స్వయముగా వచ్చెనని జంగముకథ. జనవరి 24 న పోరుగాన నీ రాత్రి 27 అగును. విజయనగరమునకు గెలుపు మూడు దినములే.

పసివాడైన చినరంగారాయని కథ పొడవైనది. పినతండ్రి వెంగళరాయడు కొంతకాలము బొబ్బిలిని నిలబెట్టెను. పిమ్మట పూసపాటివారి చెఱ. తుదకు 1794 లో పద్మనాభము యుద్ధమున చినవిజయరామరాజు కూలిన తరువాత కంపెనీవారు బొబ్బిలిని వెలమలకు మరల నిచ్చిరి. కోటనుండి యెత్తుకొనిరాబడిన బాలుడు దానిని పొందునప్పటికి ముప్పది యేడేండ్లు గడచినవి.

విజయరామరాజు తరువాత ఆనందగజపతి రాజయ్యెను. ఇతనికి ఫ్రెంచివారిపై నమ్మిక పోయెను. 1758 లో లాలీ బుస్సీని దక్షిణమునకు పిలిపింపగా నితడు విశాఖపట్టణమున ఫ్రెంచివారి కొఠీని పట్టుకొని యింగ్లీషువారికి కబురంపెను. క్లైవు ఫోర్డును పంపెను. ఆ యేటి డిసెంబరున చందుర్తియొద్ద ఫ్రెంచివారోడిరి. 1759 ఏప్రిలున మచిలీపట్టణము పోయెను. సర్కారులు తెల్లవారి చేతులు మాఱుటకు బొబ్బిలి మంటయే మొదటి నిప్పనుట యతిశయోక్తి గాదు.

ఇచ్చట వందవాసి వచ్చుచున్నది. ఆ యూరు తమిళదేశమున నున్నది, మన చరిత్రలోనిది గాదని యాక్షేపింతురేమో. 1760 జనవరి 22 న కూటు చేతిలో లాలీ యోడెను. ఆ దినముననే బుస్సీ గుఱ్ఱము కూలి యింగ్లీషువారికి పట్టువడెను. బొబ్బిలికోటపై ఫిరంగులు నడిపించిన దినమునుండి చెఱబడిన దినమునకు ఇంగ్లీషు తేదీలలో మూడేండ్లకు రెండు దినములు తక్కువ.

తిథి కట్టగా మఱింత వింత కనబడినది. 1757 జనవరి 24 మొదలు 1760 జనవరి 22 వఱకు దినములు 1093. చాంద్రమాసములు ముప్పదియేడు చేర్చిన 1092 దినములును నొక దినములో అఱువదిమూడు పాళ్లును (నూటికి) వచ్చును. ఆ ముప్పదియేడింటిలో నధికమాస మొకటి. అనగా బొబ్బిలి యుద్ధమునకు ధాతృ సంవత్సర మాఘ శుద్ధమున నేతిథియో, బుస్సీ పట్టువడుటకు ప్రమాథి సంవత్సర మాఘ శుద్ధమున నా తిథియే. రెండును చవితి పంచముల సంధిని పడుచున్నవి. శ్రీపంచమి ప్రాంతము. ఇంగ్లీషు పట్టికలో రెండు దినములు దాటిపోయినది మన పంచాంగమున సరిగా కూర్చున్నది. దీనియందు శాపఫలమును వెదకవలదు. చంద్రుడు బొబ్బిలికొఱకు తిరుగడు. కాని పంచాంగము చదువగల పండితుడు తన విద్యార్థికి తిథిగణితమును నేర్పుటకును చరిత్రను నేర్పుటకును నొక్క యుదాహరణము దొరకినది. బొబ్బిలి స్మరణమును శ్రీపంచమినాడు చేసిన వందవాసియు తనంతట వచ్చును.

బుస్సీ విడుదలయై ఫ్రాన్సుకు పోయి మరల 1783 లో వచ్చెను. 1785 జనవరిలో పుదుచ్చేరిలో మరణించెను. హైదరుజంగు 1758 లోనే ఔరంగాబాదున నిజామల్లీ యుద్యమమున హతుడయ్యెను. జంగముకథ విన్నవారి కది సంతృప్తిని గలిగించియుండవచ్చును.

ఈ వారమున నింకొకటి మిగిలినది, క్రొత్తకాలమునది. సలాబతుజంగు కూర్చుండిన ఆసఫుజాహీ పీఠము రెండువందల యేండ్లు నిలిచి, 1948 సెప్టెంబరున హైదరాబాదు భారతదేశమున చేరిన పిమ్మట, 1950 జనవరి 26 న రాజ్యాంగముతోపాటు రూపు మాఱినది. ఆ దినమున మీర్ ఉస్మానలీఖాను రాజప్రముఖుడయ్యెను. వెల్లోడి ముఖ్యమంత్రి యయ్యెను. వెల్లోడి ప్రజ లెన్నుకొనినవాడు గాదు, ప్రభుత్వోద్యోగి. ఎన్నికలు జరిగి బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి యగుట 1952 మార్చిలోను, తెలంగాణము ఆంధ్రరాష్ట్రముతో కలియుట 1956 నవంబరు 1 నను జరిగినవి. ఆ ఘట్టము లీ వారమునకు వెలుపలివి.